అక్రిలిక్ బాక్స్ పగిలితే ఏ గమ్ వాడాలి? ముందు చక్కెర పాకంలో వేసి చూడండి

 

టాపిక్‌లోకి పోయే ముందు ఒక విషయం. పోయిన సంవత్సరం ఈ ఛానల్‌లో నేనొక వీడియో పెట్టిన. పగిలిన అక్వేరియం ఫిల్టర్ బాక్స్‌ని రెండు నిమిషాల్లో అతికించుడు ఎట్ల అని. ఇన్‌స్టంట్ గమ్ నాలుగు చుక్కలు వేసి, ఒత్తి పట్టుకొని, నీళ్లు పోసి చూపించిన. ఒక్క చుక్క కూడా కారలే. మీలో చాలామంది అది చూసి చేసుకున్నరు, "థాంక్స్ అన్నా, వర్క్ అయింది" అని కామెంట్ పెట్టిండ్రు.

ఆ వీడియోలో నేను చెప్పింది తప్పు. ఈ ఎపిసోడ్ అప్‌లోడ్ కాగానే దాన్ని తీసేస్తున్న. ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో ఇవాళ చెప్తా. కొంచెం పెద్ద వీడియోనే అయితది, ఓపిక పట్టండి.

ఆ బాక్స్ నాది కాదు, మా మేనమామది. బోధన్‌లో ఉంటడు. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చేసి రిటైర్ అయిండు. ముందటి గదిలో ఒక నాలుగు ఫీట్ల గ్లాస్ ట్యాంక్ ఉంటది. అందులో ఏంజెల్ ఫిష్ జోడీ ఒకటి, ఆరు టెట్రాలు. ట్యాంక్ బయట అంచుకు తగిలించే ఫిల్టర్ బాక్స్, పారదర్శకంగా అద్దం లెక్క ఉంటది. లోపల చిన్న మోటర్ ట్యాంక్ నీళ్లను బాక్స్‌లోకి తోడుతది, స్పాంజ్ దాటి నీళ్లు మళ్లీ ట్యాంక్‌లో పడతయి. ఆ బాక్స్ కింది అతుకు ఊడితే నేనే పోయి అతికించి, దాన్నే షూట్ చేసిన.

ఏడు వారాలు బాగానే నడిచింది. ఏప్రిల్‌లో ఒకరోజు రాత్రి అతుకు మళ్లీ విడిపోయింది.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలె. ట్యాంక్‌కు చిల్లు పడలే, బయట ఉన్న బాక్స్‌కే పడింది. బాక్స్‌లో ఎన్ని నీళ్లుంటయి? రెండు లీటర్లు. కారినా రెండు లీటర్లే కదా అనుకుంటం. కానీ మోటర్ ఆగదు. అది ట్యాంక్‌లోంచి తోడుతనే ఉంటది, పగులులోంచి కిందికి పోతనే ఉంటయి. మోటర్ నోరు ఎంత లోతులో ఉందో అంత లోతు దాకా ట్యాంక్ ఖాళీ అయితది. ఆ నీళ్లన్నీ కింద నేల మీదున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పడ్డయి. కరెంట్ ట్రిప్ అయింది. ఫ్యాన్ ఆగిందని మామ లేచి, చీకట్లో చెప్పుల్లేకుండ ఆ నీళ్లలోకే నడిచిండు. ట్రిప్ కాకపోయి ఉంటే అని ఇప్పటికీ ఆలోచిస్త నేను.

ఎయిర్ పంపు కూడా అదే బోర్డుకే ఉండె. ఎండాకాలం నీళ్లు, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, పైగా ట్యాంక్‌లో మిగిలింది మూడో వంతు. తెల్లారేసరికి ఏంజెల్ జోడీ పోయింది. పలకరాయి మీద అవి పెట్టిన గుడ్లు నీళ్ల పైకి తేలి ఎండిపోయినయి. టెట్రాలు నాలుగు బతికినయి.

పొద్దున్నే నేను నిజామాబాద్ నుంచి బండి మీద పోయిన. ఎడపల్లి దాటి చెరుకు తోటలు వస్తుంటే తిట్లకు రెడీ అయిన. మామ తిట్టలే. బాక్స్ చేతికిచ్చి ఒక్కటే అడిగిండు: "అల్లుడూ, ఇది ఏ ప్లాస్టిక్?"

"అక్రిలిక్ మామా."

"ఎట్ల తెలుసు?"

నా దగ్గర జవాబు లేదు. ట్రాన్స్‌పరెంట్‌గా ఉంది కాబట్టి అక్రిలిక్ అనుకున్న, అంతే. అక్వేరియం సామాన్లలో పారదర్శకంగా ఉన్నదాన్నంతా మనం అక్రిలిక్ అనే అంటం. అది పాలీస్టైరిన్ కావచ్చు, పాలీకార్బొనేట్ కావచ్చు, పెట్ కావచ్చు, పీవీసీ కావచ్చు. దుకాణంలో మనం "గట్టి గమ్ ఏది అన్నా?" అని అడుగుతం. ఏ ప్లాస్టిక్‌కు అని వాళ్లు అడగరు, మనం చెప్పం. తప్పు అక్కడే మొదలైతది. ఏ ప్లాస్టికో తెలియకుండ గమ్ కొనుడంటే జ్వరం ఏందో తెలియకుండ గోలీ వేసుకున్నట్టు.

ఇప్పుడు మామ చేసిన టెస్ట్ చూపిస్త. నాకైతే ఈ మొత్తం గొడవలో ఇదే మస్తు నచ్చింది.

బోధన్ అంటే చక్కెర. నిజాంసాగర్ కాల్వ నీళ్లు, చెరుకు, శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ. 2015 డిసెంబర్‌లో అది మూతబడ్డది, ఆ కథ వేరే ఎపిసోడ్ కావాలె. చక్కెర ల్యాబుల్లో పనిచేసినోళ్లకు పొద్దున లేస్తే ఒకటే లెక్క: బ్రిక్స్. వంద గ్రాముల రసంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉందో దాన్ని బ్రిక్స్ అంటరు. కొలిచేది ఎట్ల? పొడుగు గాజు జాడీలో రసం పోసి, హైడ్రోమీటర్ వదులుతరు. చక్కెర ఎక్కువుంటే రసం బరువెక్కుతది, హైడ్రోమీటర్ పైకి తేలుతది. తేలిందా, ఎంత తేలిందా, అదే కొలత.

మామ దీన్నే తిరగేసిండు. రసం ఎంత చిక్కనో తెలియనప్పుడు తెలిసిన వస్తువును వేసి చూస్తం కదా. మరి ప్లాస్టిక్ ఏదో తెలియనప్పుడు, చిక్కదనం తెలిసిన పాకంలో ఆ ముక్క వేసి చూస్తే?

మూడు గ్లాసులు తీసుకోండి. మొదటిదాంట్లో ఉత్త నీళ్లు. రెండోదాంట్లో 30 గ్రాముల చక్కెర, 70 గ్రాముల నీళ్లు, అంటే 30 బ్రిక్స్. మూడోదాంట్లో 60 గ్రాముల చక్కెర, 40 గ్రాముల నీళ్లు. ఇది కరగాలంటే కొంచెం వేడి చేయాలె, గులాబ్ జామున్ పాకం లెక్క అయితది. మూడూ గది వేడికి చల్లారనియ్యాలె, వేడి పాకం పలుచగుంటది, లెక్క తప్పుతది. కిచెన్ తక్కెడ వాడండి, చెంచాల లెక్క వద్దు.

పగిలిన చోట నుంచి పెసరగింజంత ముక్క తీసుకోండి. దానికి గాలి బుడగలు అంటుకుంటే ఏ ప్లాస్టిక్ అయినా తేలుతది, అందుకే గిన్నెల సబ్బు నీళ్లలో ముంచి తీసి వేయండి.

ఉత్త నీళ్లలోనే తేలిందా? అది పాలీప్రొపిలీన్ గానీ పాలిథీన్ గానీ. ఇక్కడే ఆగిపోండి. మామూలుగా దొరికే ఏ గమ్ముకూ అది లొంగదు. స్క్రూ కొట్టాలె, లేదంటే క్లిప్ పెట్టాలె, లేదంటే కొత్తది కొనాలె. ఫిల్టర్ల హుక్కులు, క్లిప్పులు చాలావరకు ఇదే ప్లాస్టిక్.

నీళ్లలో మునిగి 30 బ్రిక్స్‌లో తేలిందా? ఆ పాకం సాంద్రత 1.13 దగ్గర ఉంటది. పాలీస్టైరిన్, ఏబీఎస్ 1.05 చుట్టుపక్కల ఉంటయి కాబట్టి తేలుతయి. అక్రిలిక్ 1.18, మునుగుతది.

30లో మునిగి 60లో తేలిందా? 60 బ్రిక్స్ పాకం సాంద్రత దాదాపు 1.29. అక్రిలిక్ తేలుతది. పాలీకార్బొనేట్ కూడా తేలుతది, దాని సాంద్రత 1.2. ఈ రెండింటిని విడదీయాలంటే సన్నని ముక్కను పకడ్‌తో వంచండి. ఠప్పున విరిగితే అక్రిలిక్. వంగి, తెల్లగై, విరగకుంటే పాలీకార్బొనేట్.

60లో కూడా మునిగిందా? పీవీసీ గానీ పెట్ గానీ. పైపు ముక్కలు ఇట్లనే మునుగుతయి.

మామ బాక్స్ ముక్క రెండో గ్లాసులో మునిగింది, మూడో గ్లాసులో పైకొచ్చి నిలబడ్డది. పకడ్‌తో వంచితే విరిగింది. అంటే నేను గుడ్డిగా చెప్పింది కరెక్టే, అక్రిలికే. కానీ అదే బాక్స్‌కున్న హుక్కు ఉత్త నీళ్లలోనే తేలింది. పాత వీడియోలో ఆ హుక్కుకు కూడా నేను గమ్ పెట్టిన. అది రెండో రోజే ఊడిందని మామ అప్పుడు నాకు చెప్పలే. దారంతోని కట్టుకున్నడంట.

సరే, అక్రిలిక్ అని తేలింది. ఇప్పుడు గమ్ముల సంగతి.

ముందు నేను వాడిన ఇన్‌స్టంట్ గమ్. పేరు ఏదైనా లోపల ఉండేది సైనోయాక్రిలేట్. దీని కథ తమాషాగా ఉంటది. 1942లో అమెరికాలో కోడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ టీమ్ తుపాకీ గురి చూసే పరికరాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతుండె. ఈ పదార్థం దేన్ని ముట్టుకుంటే దానికి అంటుకుపోతుందని విసుగొచ్చి పక్కన పెట్టిండ్రు. 1951లో మళ్లీ దాని మీదికి పోతే అప్పుడు వెలిగింది, ఇది ప్లాస్టిక్‌గా పనికిరాదు గానీ గమ్‌గా బంగారం అని. 1958లో మార్కెట్‌కు వచ్చింది.

ఇది గట్టిపడేది గాలిలో, వస్తువు మీద ఉండే తేమతోని. అందుకే సెకన్లలో పట్టుకుంటది. నిటారుగా లాగితే బలంగా ఉంటది. కానీ పెళుసు. మోటర్ వణుకుతుంటే, మెలి తిప్పినట్టు బరువు పడితే, చిట్లుతది. అట్లనే నెలల తరబడి నీళ్లలో, అందులో గోరువెచ్చని నీళ్లలో నానితే పట్టు తగ్గుతది. దాని ఆవిరి అక్రిలిక్ మీద తెల్లని పొగ లెక్క మరక కూడా వేస్తది. సముద్రపు అక్వేరియం పెట్టేవాళ్లు పగడాల ముక్కలను రాయికి ఇదే గమ్‌తో అతికిస్తరు గదా అని ఒక తమ్ముడు అడిగిండు. నిజమే, చేస్తరు. అక్కడ దాని మీద బరువు లేదు, పగడం పెరిగి రాయిని అదే పట్టుకుంటది. ఊడినా ఎవరి ఇల్లూ మునగదు.

నా వీడియో కింద "వర్క్ అయింది" అని కామెంట్లు ఎందుకొచ్చినయో ఇప్పుడు అర్థమైంది. అందరు మొదటి రోజే రాసిండ్రు. ఏడో వారంలో ఊడినోళ్లు వచ్చి రాయరు కదా. నేను ఉద్యోగం చేసేటప్పుడు "నా మెషిన్‌లో రన్ అయితుంది" అనేటోళ్లను చూసి నవ్వేటోణ్ణి. నేను చేసింది కూడా గదే.

సిలికాన్. గ్లాస్ ట్యాంక్ మొత్తం నిలబడేది దాని మీదనే, గాజుకు దాన్ని మించింది లేదు. కానీ అక్రిలిక్‌ను అది గట్టిగా పట్టుకోదు. ఎండినంక గోరుతో ఒక కొస లేపి లాగితే రిబ్బన్ లెక్క వస్తది. ట్యాంక్‌లో రెండు దిక్కులా నీళ్లుండి, అక్రిలిక్ పలకను గాజుకు నిలబెట్టాలంటే మాత్రం సిలికానే గతి, ఎందుకంటే గాజుకు అక్రిలిక్ గమ్ పట్టదు. బాత్‌రూమ్ సిలికాన్ కొనకండి. అందులో ఫంగస్ రాకుండ మందు కలుపుతరు, అది చేపలకు విషం.

రెండు ట్యూబుల ఎపాక్సీ. అక్రిలిక్‌ను గరుకు చేసి పెడితే ఒక మోస్తరుగా పట్టుకుంటది. బరువు పడని చోట, పైన అతుకు ముక్క వేసేటప్పుడు పర్వాలేదు. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం కంటే నిదానంగా గట్టిపడేది నీళ్లకు ఎక్కువ తట్టుకుంటది. కొన్నాళ్లకు పచ్చబడతది.

ఇవన్నీ చేసే పని ఒకటే. రెండు ముక్కల మధ్యల మూడో పదార్థంగా కూర్చుంటయి. ఆ మూడోది ఎప్పుడో ఒకప్పుడు రెండింట్లో ఒకదాన్ని వదులుతది.

అక్రిలిక్‌కు అసలు వాడేది గమ్మే కాదు. నీళ్ల లెక్క పలుచగుండే సాల్వెంట్. డైక్లోరోమీథేన్ అని ఉంటది, లేదంటే అదే ప్రధానంగా ఉన్న అక్రిలిక్ సిమెంట్. వెల్డ్-ఆన్ కంపెనీ 3, 4 నంబర్లు ఈ పలుచటి రకం. ఇది అక్రిలిక్‌ను కరిగిస్తది. రెండు అంచులూ మెత్తబడి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతయి. తర్వాత మందు ఆవిరై పోతది. అతుకులో మిగిలేది అక్రిలిక్ మాత్రమే. ఇనుముకు వెల్డింగ్ ఎట్లనో దీనికి ఇది అట్ల.

ఇది మన దగ్గర ఎక్కడ దొరుకుతది? అక్వేరియం దుకాణంలో కాదు. నేమ్‌ప్లేట్లు, అక్రిలిక్ అక్షరాలు చేసే సైన్‌బోర్డు దుకాణాల్లో అడగాలె. నిజామాబాద్‌లో ఇసుంటి దుకాణాలకు కొదవ లేదు. వాళ్లు రోజూ దీంతోనే పని చేస్తరు. కొందరు క్లోరోఫామ్ వాడతరు, అది కూడా అక్రిలిక్‌ను కరిగిస్తది.

నేను మొదట పోయిన దుకాణంలో తమ్ముడు ఒకతను మంచి మనసుతోనే తాగే నీళ్ల సీసాలో కొంచెం పోసి ఇచ్చిండు. నేను తీసుకోలే. మీరు కూడా తీసుకోకండి. చూస్తే అచ్చం నీళ్లే. ఇంట్లో పిల్లలుంటరు, ఫ్రిజ్ పక్కన పెడతరు, దూపయితే ఎత్తి తాగుతరు. పేరు రాసున్న, మూత గట్టిగున్న అసలు సీసానే కొనండి. లోపల ఏముందో చెప్పలేని సీసా ఎంత చవకైనా వద్దు.

ఈ మందు ప్రమాదం గురించి దాచకుండ చెప్తా. డైక్లోరోమీథేన్ ఆవిరి పీలిస్తే ఒంట్లో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతది. తల తిరుగుతది, మూసిన గదిలో మనుషులు చనిపోయిన కేసులున్నయి. క్యాన్సర్ అనుమానం కూడా ఉంది. అమెరికాలో 2019లో ఇంటి పెయింట్ తీసే మందుల్లో దీన్ని బంద్ చేసిండ్రు, 2024లో ఇంకా చాలా వాడకాలను ఆపిండ్రు. కాబట్టి మిద్దె మీద గానీ వాకిట్లో గానీ చేయండి. గాలి మీ వెనక నుంచి వచ్చి ముందుకు పోవాలె. డాక్టర్లు వాడే పలుచటి గ్లవ్స్‌లోంచి ఇది నిమిషాల్లో లోపలికి దిగుతది, చుక్క పడితే గ్లవ్ వెంటనే మార్చండి. కండ్లద్దాలు పెట్టుకోండి. పక్కన సిగరెట్, అగర్‌బత్తి, పొయ్యి ఏదీ వద్దు, మంట తగిలితే దీని ఆవిరి ఇంకా ఘోరమైన గ్యాసులుగా మారుతది. స్కూల్ పిల్లలు ఈ వీడియో చూస్తుంటే, ఇంట్లో పెద్దోళ్లు లేకుండ దీన్ని ముట్టుకోకండి. ఇది నిజంగా చెప్తున్న.

ఇంకోటి, ఇది ఏ అమెరికా వీడియోలోనూ మీకు చెప్పరు. డైక్లోరోమీథేన్ మరిగేది దాదాపు 40 డిగ్రీలకు. నిజామాబాద్‌లో మే నెలలో ఎండ ఎంత? 44, 45 మనకు కొత్త కాదు. అంటే మన ఎండాకాలం మధ్యాహ్నం నీడలో పెట్టినా ఈ మందు సీసాలో మరిగే వేడి ఉంటది. మూత తీస్తే బుస్సుమని మొఖం మీదికి చిమ్ముతది. సూదిలోకి తీసుకుంటే నొక్కకుండనే కారుతది. అతుకులోకి పాకే లోపలే ఆవిరైపోతది. నేను మొదటిసారి పదకొండు గంటలకు ప్రయత్నించి రెండు ముక్కలు ఖరాబు చేసిన. చివరికి పొద్దున అయిదున్నరకు చేసినం. సీసాను రాత్రంతా చల్లని గదిలో కింద పెట్టి, మెల్లగా మూత తిప్పినం.

వానాకాలంలో బాధ ఇంకో తీరు. మందు వేగంగా ఆవిరైతుంటే అంచు చల్లబడతది, గాలిలో తేమ అక్కడ పట్టుకొని అతుకు పాలలెక్క తెల్లగైతది. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి.

ఇప్పుడు మామ బాక్స్ ఎట్ల చేసినమో చెప్తా.

పాత ఇన్‌స్టంట్ గమ్ పొర ఉంటే సాల్వెంట్ అక్రిలిక్‌ను ముట్టదు. దాన్ని అసిటోన్‌తో కడగొద్దు, అది అక్రిలిక్‌ను కూడా తింటది. బ్లేడుతో గీకి, చదునైన గాజు మీద సాండ్ పేపర్ పరిచి, దాని మీద అంచును రుద్దినం. ముందు 220 నంబర్, తర్వాత 400. ఉత్త నీళ్లతో కడిగి రెండు రోజులు నీడలో ఆరబెట్టినం. పగులులో తడి ఉంటే మందు లోపలికి పోదు. శానిటైజర్, స్పిరిట్, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వేటితోనూ తుడవకండి, వత్తిడిలో ఉన్న అక్రిలిక్ మీద సన్నని పగుళ్లు వస్తయి.

అడుగు పలక ఒక మూల విరిగిపోయింది కాబట్టి కొత్త పలక కోయించినం, 5 ఎంఎం మందం. ఇక్కడ రెండో దుకాణం అన్న ఒక మంచి మాట చెప్పిండు. లేజర్‌తో కోసిన అంచు చూడ్డానికి మెరుస్తది గానీ, ఆ వేడికి లోపల బిగుతు ఉంటది. సాల్వెంట్ తగలగానే వెంట్రుకల్లాంటి గీతలు పడతయి. అందుకే మాకు రంపం మిషన్ మీద కోసిచ్చిండు. మీకు లేజర్ ముక్కనే దొరికితే, ఆ మెరిసే అంచును కొంచెం రుద్ది తీసేయండి, ముందు పనికిరాని ముక్క మీద ఒక చుక్క వేసి చూడండి.

పలకను బాక్స్‌కు ఆనించి మాస్కింగ్ టేప్‌తో కట్టినం. టేప్ అతుకు మీదికి రావొద్దు, వస్తే మందు టేప్ కిందికి పాకి మరక వేస్తది. రెండు అంచుల మధ్య కాగితం కూడా దూరొద్దు. ఈ పలుచటి మందు సందులు నింపదు. సందు ఉంటే అదే సాల్వెంట్‌లో అక్రిలిక్ పొట్టు కరిగించి తేనె లెక్క చిక్కగా చేసుకోవాలె, లేదా వెల్డ్-ఆన్ 16 లాంటి చిక్కటిది కొనాలె. ఇంకా పెద్ద బరువు పడే అతుకులకు 40 నంబర్ అని రెండు భాగాలు కలిపేది ఉంటది.

మందు పెట్టడానికి సన్నని సూదున్న సిరంజి. మామూలు సిరంజిలో లోపలి రబ్బరు రెండు మూడు నిమిషాల్లో ఉబ్బి ఇరుక్కుంటది. కొంచెమే తీసుకొని గబగబా చేయాలె, మళ్లీ కావాలంటే కొత్త సిరంజి. అతుకు అడ్డంగా, సమానంగా ఉండేటట్టు బాక్స్ పెట్టి, ఒక కొసన సూది ఆనించి మెల్లగా జరిపిన. మనం నింపాల్సిన పనే లేదు. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు, అతుకే మందును లోపలికి గుంజుకుంటది. తెల్లగా కనబడే గీత మన కండ్ల ముందటనే మాయమై అద్దమైతది. స్లో మోషన్‌లో చూపిస్తున్న చూడండి... ఇగో, ఇక్కడ. ఈ బుడగ ఒక్కటి మిగిలింది, అక్కడ పట్టలేదన్నట్టు. ఇంకో చుక్క పెట్టినం.

పది నిమిషాలు ముట్టలే. తర్వాత లోపలి మూలల పొంటి సన్నని అక్రిలిక్ పట్టీలు నిలబెట్టి వాటికీ అట్లనే మందు పెట్టినం. అతుకు వెడల్పు పెరుగుతది, మోటర్ వణుకును అవే మోస్తయి. పక్క గోడలో ఒక పగులు పైకి పాకుతుండె. దాని కొసన 3 ఎంఎం రంధ్రం వేసినం. పదునైన కొస గుండ్రమైతే పగులు ముందుకు పోదు. ఆ పగులులోకి మందు దింపి, పైన అక్రిలిక్ ముక్క అతికించినం.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఇది ఫిల్టర్ బాక్సులకు, బ్రీడింగ్ బాక్సులకు, సంప్ లోపలి పలకలకు. మొత్తం ట్యాంకే అక్రిలిక్‌ది అయి దాని గోడ పగిలితే, ఇంట్లో అతికించి నీళ్లు నింపకండి. ఒక వంద లీటర్లంటే వంద కిలోల బరువు.

రెండు రోజులు ఆగినం. పట్టుకోవడానికి పది నిమిషాలు చాలు గానీ, పూర్తి బలం రావడానికి, లోపలి మందు బయటికి పోవడానికి టైమ్ కావాలె. తర్వాత బాక్స్ నిండా నీళ్లు పోసి పేపర్ మీద ఒక రోజు పెట్టినం. పేపర్ పొడిగానే ఉంది. మామకు నమ్మకం కుదరలే. మోటర్ పెట్టి, బకెట్‌లో ఇంకో మూడు రోజులు నడిపించిండు, రోజూ నీళ్లు మార్చుకుంట. పొద్దున, సాయంత్రం పేపర్ చూసి నోట్‌బుక్‌లో టైమ్ రాసిండు. ల్యాబ్ అలవాటు.

హుక్కుకు గమ్ పెట్టలే. కొత్త హుక్కు అక్రిలిక్‌తోనే చేసి వెల్డ్ చేసినం. ఎక్స్‌టెన్షన్ బోర్డును గోడకు ట్యాంక్ కంటే ఎత్తులో కొట్టినం. ప్రతి వైరూ బోర్డులోకి పోయే ముందు కిందికి వంగి మళ్లీ పైకి పోయేటట్టు వదిలినం, నీళ్లు వైరు పట్టుకొని పారినా ఆ వంపు దగ్గరే కింద పడతయి. మోటర్ నోరు పైకి లేపినం. ఇప్పుడు బాక్స్ మళ్లీ పగిలినా పావు వంతు నీళ్లే పోతయి, చేపలకు ముప్పావు వంతు మిగులుతది. నిజం చెప్పాలంటే ఏ గమ్ వాడినా వాడకపోయినా ఈ మూడు పనులు ముందు చేయండి. ఇవి మేము మొదలే చేసి ఉంటే ఆ జోడీ బతికేది.

బాక్స్ నడవబట్టి ఇయ్యాల్టికి అయిదు వారాలు. నా పాత గమ్ ఏడు వారాలు ఆగింది, కాబట్టి నేనింకా ఏం గొప్పలు చెప్పను. ఏడో వారంలో, ఆరో నెలలో, మళ్లీ సంవత్సరానికి ఇదే బాక్స్ తెచ్చి చూపిస్త. ఊడితే ఊడిందనే చెప్తా.

ట్యాంక్‌లో ఇప్పుడు నాలుగు టెట్రాలే ఉన్నయి. కొత్త ఏంజెల్ జోడీ తెస్తా మామా అంటే, "ఏడు వారాలు దాటనియ్ అల్లుడూ" అన్నడు.

నా పాత వీడియో చూసి ఇన్‌స్టంట్ గమ్‌తో అతికించినోళ్లు ఎవరైనా ఉంటే, ఈ రాత్రి పడుకునే ముందు ఆ బాక్స్ కింద వేలు పెట్టి తడి ఉందేమో చూడండి, కింద బోర్డు ఉంటే పైకి లేపండి. పగిలిన సామాను ఫొటో, దాని ముక్క ఏ గ్లాసులో తేలిందో కామెంట్‌లో రాయండి. ఏది వెల్డ్ అయితదో, దేన్ని పారేయాలో వచ్చే ఆదివారం లైవ్‌లో ఒక్కొక్కటి చూద్దాం.